చేయి తిరిగిన ప్రోగ్రామర్లకి ఫ్లటర్ నేర్పించాను: నా అనుభవం

మా దగ్గర మొబైల్ యాప్‌లు రాసే టీమ్‌కి ఫ్లటర్ నేర్పించే పని నా మీద పడింది. ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ యాప్‌లు రాయడానికి గూగుల్ ఇచ్చిన ఫ్రేమ్‌వర్క్ (యాప్ కట్టడానికి ముందే సిద్ధంగా ఉన్న కోడ్ చట్రం) ఇది. అప్పటికే నేను ఫ్లటర్‌లో యాప్‌లు రాస్తున్నాను, ఫ్రెషర్లకి క్లాసులు చెప్పిన అలవాటూ ఉంది. ఈసారి మాత్రం ఎదురుగా కూర్చునేది ఫ్రెషర్లు కాదు. ఎక్కువమంది జావా, కోట్లిన్‌లలో ఏళ్ల తరబడి ఆండ్రాయిడ్ యాప్‌లు రాసినవాళ్లు. కొందరు ఐఓఎస్ (ఐఫోన్) వాళ్లు. నాకంటే సీనియర్లు, ఒకప్పుడు నా కోడ్ రివ్యూ చేసినవాళ్లు కూడా అందులో ఉన్నారు. ఆండ్రాయిడ్‌కి ఒకటి, ఐఫోన్‌కి ఒకటి అంటూ ఒకే యాప్‌ని రెండుసార్లు రాసుకోవడం ఆపేద్దామని పైవాళ్లు నిర్ణయించారు. ఆ నిర్ణయం అందరికీ నచ్చలేదని మొదటి ప్రశ్నతోనే తెలిసిపోయింది.

"ఇంకో రెండేళ్లకి ఇది కూడా మూలపడుతుంది కదండీ? అప్పుడు మళ్లీ ఇంకోటి నేర్చుకోవాలా?"

ఒక సీనియర్ మాట ఇది. ఆయన అడిగింది న్యాయమే. ఒకసారి రాస్తే అన్నిచోట్లా నడుస్తుందంటూ వచ్చినవి ఆయన చాలానే చూశారు. ఫ్లటర్ 1.0 వచ్చింది 2018 డిసెంబర్‌లో, ఎన్నాళ్లుంటుందో నేను హామీ ఇవ్వలేనని చెప్పేశాను. కానీ స్క్రీన్ ఎలా ఉండాలో వర్ణించి, మార్చే పని ఫ్రేమ్‌వర్క్‌కి వదిలేసే ఈ పద్ధతి ఒక్క ఫ్లటర్‌ది కాదు. వెబ్‌లో రియాక్ట్ 2013 నుంచి ఇదే చేస్తోంది. యాపిల్ 2019లో స్విఫ్ట్‌యూఐ తెచ్చింది. ఆండ్రాయిడ్‌కి జెట్‌ప్యాక్ కంపోజ్ 1.0 వచ్చింది 2021లో. "ఫ్లటర్ వద్దనుకుని మీరు ఆండ్రాయిడ్‌లోనే ఉండిపోయినా రేపు కంపోజ్ నేర్చుకోవాల్సిందే సర్. ఎటు పోయినా ఆలోచించే తీరు మార్చుకోక తప్పదు" అన్నాను. ఒప్పుకున్నారని చెప్పను గానీ, ల్యాప్‌టాప్ అయితే తెరిచారు.

ఫ్లటర్ యాప్‌లు రాసే భాష డార్ట్. దానికి పెద్దగా సమయం పట్టలేదు. ఫ్రెషర్లకి వేరియబుల్స్ దగ్గర మొదలుపెట్టి రోజుల తరబడి చెప్పే సరుకు వీళ్లకి ఒక పూటలో తేలిపోయింది. వాళ్లు రాసిన జావా క్లాసునే ఒకటి ఇచ్చి, దాన్ని డార్ట్‌లోకి మార్చమన్నాను. అంతే. విలువలని చదివే, మార్చే గెట్టర్లు, సెట్టర్లు వరసగా రాసుకుంటూ పోయారు, అవి అక్కర్లేదంటే కొట్టేశారు. పేరు చెప్పి విలువలు ఇచ్చే నేమ్డ్ పారామీటర్లు చూసి ముచ్చటపడ్డారు. విలువే లేని (నల్) వేరియబుల్‌ని పొరపాటున వాడకుండా ఆపే నల్ సేఫ్టీ డార్ట్ 2.12తో 2021లో వచ్చింది, కోట్లిన్ వాళ్లకి అది కొత్తేమీ కాదు. జావా నుంచి నేరుగా వచ్చినవాళ్లు మాత్రం కంపైలర్ ఎక్కడ గోల చేస్తే అక్కడ 'ఇది నల్ కాదు' అని హామీ ఇచ్చే ఆశ్చర్యార్థకం (!) ఒకటి తగిలించి నోరు మూయించారు. ఆ అలవాటు రివ్యూల్లో చాలాకాలం వదల్లేదు.

కొత్తవాళ్లకి మెట్టు మెట్టుగా చెప్పడం ఎంత మేలు చేస్తుందో, విషయం తెలిసినవాళ్లకి అదే అంత అడ్డమవుతుందని కల్యుగా, స్వెల్లర్ తదితర పరిశోధకులు 2003లో రాశారు. డార్ట్ విషయంలో అది కళ్లారా చూశాను. కానీ ఆ సూత్రం పట్టుకుని అన్నీ వేగంగా లాగించేద్దామంటే కుదరదు. భాష దగ్గర నిపుణుడైన మనిషే మరుసటి గంటలో లేఅవుట్ (స్క్రీన్ మీద ఏది ఎక్కడ, ఎంత ఉండాలన్నది) దగ్గరికి వచ్చేసరికి కొత్తవాడైపోతాడు. పైగా ఆ గీత ఎక్కడ దాటాడో ఆయనకీ తెలియదు, చెప్పే నాకూ తెలియదు. డార్ట్ చూడ్డానికి అచ్చం జావాలాగే ఉంటుంది కాబట్టి ఫ్రేమ్‌వర్క్ కూడా తెలిసినట్టే అనిపిస్తుంది. ట్రైనింగ్ అంతా నేను చేసింది ఆ గీత ఎక్కడుందో వెతకడమే అనుకోవచ్చు.

మొదటిసారి అది బయటపడింది చాలా చిన్న ప్రోగ్రామ్‌లో. ఒక బటన్, ఒక అంకె. నొక్కితే అంకె పెరగాలి. ఒకాయన టెక్స్ట్ విడ్జెట్‌ని (ఫ్లటర్‌లో స్క్రీన్ మీది ఒక్కో భాగం ఒక్కో విడ్జెట్) తయారుచేసి ఒక వేరియబుల్‌లో దాచుకున్నారు. బటన్ నొక్కినప్పుడు ఆ వేరియబుల్‌ని పట్టుకుని లోపలి డేటా మార్చబోయారు. అది ఫైనల్, మార్చడం కుదరదని ఎర్రర్ వచ్చింది.

"ఇందులో సెట్‌టెక్స్ట్ ఎక్కడుందండీ?"

"లేదు సర్."

"లేకపోతే టెక్స్ట్ మార్చేదెలా?"

"టెక్స్ట్‌ని ముట్టుకోం సర్. కౌంట్ మార్చి సెట్‌స్టేట్ పిలుస్తాం. బిల్డ్ మళ్లీ నడుస్తుంది, కొత్త టెక్స్ట్ తయారవుతుంది."

"ఒక్క అంకె మారడానికి ఇదంతా మళ్లీ కట్టాలా? మరి గార్బేజ్ కలెక్టర్ గతేంటి?"

బిల్డ్ అంటే విడ్జెట్‌లని తయారుచేసే ఫంక్షన్. గార్బేజ్ కలెక్టర్ అంటే అక్కర్లేని ఆబ్జెక్టులని మెమరీ నుంచి ఏరేసేది. ఫ్రెషర్లు ఈ ప్రశ్న అడగరు. సెట్‌స్టేట్ అని రాసుకుంటారు, పని చేస్తుంది, ముందుకెళ్తారు. ఈయన మెమరీ లీకుల కోసం రాత్రిళ్లు ప్రొఫైలర్ ముందు కూర్చున్న మనిషి. దీనికి జవాబు దొరక్కుండా ఆ తర్వాత నేను ఏం చెప్పినా ఆయన చెవికెక్కదు. అందుకే చివర్లో చెబుదామని దాచుకున్న సంగతిని అక్కడికక్కడే బయటికి తీశాను.

నోటితో చెప్పకుండా లాగ్‌లో చూపించాను. ఒక స్టేట్‌ఫుల్ విడ్జెట్‌ని (మారే డేటాని, అంటే స్టేట్‌ని, విడిగా ఒక ఆబ్జెక్ట్‌లో దాచుకునేదాన్ని) ఇంకో విడ్జెట్ లోపల పెట్టి, లోపలిదాని బిల్డ్‌లో రెండు నంబర్లు ప్రింట్ చేయించాను: విడ్జెట్ ఐడెంటిటీ హ్యాష్‌కోడ్ (ఏ ఆబ్జెక్టో గుర్తుపట్టే నంబర్) ఒకటి, స్టేట్ ఆబ్జెక్ట్‌ది ఒకటి. బయటి విడ్జెట్‌లో సెట్‌స్టేట్ పిలిచిన ప్రతిసారీ విడ్జెట్ నంబర్ మారుతోంది, స్టేట్ నంబర్ మాత్రం కదలట్లేదు. అంటే కొత్తగా పుట్టేది తేలికపాటి వర్ణన మాత్రమే. దాని వెనక ఉండే ఎలిమెంటూ, కొలతలూ రంగులూ చూసుకునే రెండర్ ఆబ్జెక్టూ అలాగే ఉంటాయి. పుట్టి వెంటనే పోయే చిన్న ఆబ్జెక్టులని తక్కువ ఖర్చుతో ఏరేయడం డార్ట్ గార్బేజ్ కలెక్టర్‌కి ప్రత్యేకంగా నేర్పిన పని. తర్వాత లోపలి విడ్జెట్‌కి ముందు కాన్స్ట్ (ఎప్పటికీ మారనిది) అని ఒక్క మాట చేర్చి మళ్లీ నడిపాను. బటన్ ఎన్నిసార్లు నొక్కినా లోపలి బిల్డ్ నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆయన తన మెషీన్ మీద అదే చేసి చూసుకుని, కాన్స్ట్ తీసేసి, మళ్లీ పెట్టి, "సరే, ఇక చెప్పండి" అన్నారు. ఆ "సరే" తర్వాతే ట్రైనింగ్ మొదలైందని నా లెక్క.

ఇక్కడ ఒక తలనొప్పి ఉంది. జూనియర్ల ముందు "నాకు అర్థం కాలేదు" అనడానికి సీనియర్లకి మొహమాటం. ఈయనలా నిలదీసేవాళ్లతో బాధ లేదు. నోరు మెదపకుండా తల ఊపేవాళ్లతోనే వస్తుంది. దానికి నేను పట్టుకున్న ఉపాయం చీటీలు. కోడ్ స్క్రీన్ మీద పెడతాను, నడపను. ఇది నడిపితే ఏం కనిపిస్తుందో చీటీ మీద రాసి ఇవ్వమంటాను. పేరు రాయక్కర్లేదు. అన్నీ చదివాక అప్పుడు నడుపుతాను.

అన్నిటికంటే బాగా పేలింది ఎర్ర పెట్టె. వంద వెడల్పు, వంద ఎత్తు, ఎర్ర రంగు ఉన్న కంటైనర్. దాన్ని నేరుగా యాప్‌ని మొదలుపెట్టే రన్‌యాప్‌కి ఇచ్చాను, చుట్టూ ఇంకేమీ లేదు. చీటీల్లో ఎక్కువమంది పై ఎడమ మూలన చిన్న ఎర్ర పెట్టె అన్నారు. కొందరు మధ్యలో అన్నారు. నడిపితే స్క్రీనంతా ఎర్రగా అయిపోయింది. "బగ్గా?" అన్నారెవరో. కాదు. స్క్రీన్ తన పిల్లకి 'నువ్వు సరిగ్గా నా అంతే ఉండాలి' అని చెప్తుంది. పిల్ల వంద అడిగినా ఆ మాట చెల్లదు. దాన్నే ఒక సెంటర్ విడ్జెట్‌లో పెడితే, సెంటర్ స్క్రీనంతా తను తీసుకుని, పిల్లతో 'నా అంత వరకు నీకు నచ్చినంత ఉండు' అంటుంది. అప్పుడు వందకి వంద వచ్చి మధ్యలో కూర్చుంటుంది. కొలతల హద్దులు పైనుంచి కిందికి వస్తాయి, సైజులు కింది నుంచి పైకి వెళ్తాయి, ఎక్కడ కూర్చోబెట్టాలో తల్లి విడ్జెట్ నిర్ణయిస్తుంది. ఫ్లటర్ డాక్యుమెంటేషన్‌లో ఈ మాట ఉంది, నేనూ అంతకుముందు ఎన్నోసార్లు స్లైడ్ మీద పెట్టి చదివాను. చీటీ మీద వంద అని రాసి తప్పాక విన్నవాళ్లకి అది గుర్తున్నంతగా స్లైడ్ చూసినవాళ్లకి గుర్తుండలేదు.

దాని వెంటే, పిల్లలని ఒకదాని కింద ఒకటి పేర్చే కాలమ్‌లో స్క్రోల్ అయ్యే లిస్ట్‌వ్యూ వచ్చింది. అందరూ తగిలే గోడ అది. కాలమ్ తన పిల్లలకి ఎత్తు విషయంలో హద్దు పెట్టదు, లిస్ట్‌వ్యూ ఉన్నంత ఎత్తూ కావాలంటుంది. రెండూ కలిస్తే ఎత్తుకి హద్దు లేదంటూ ఎర్ర అక్షరాల చాంతాడు. నెట్‌లో వెతికితే ష్రింక్‌ర్యాప్ ట్రూ పెట్టమని దొరుకుతుంది. పెడితే ఎర్రర్ పోతుంది, అదే దాంతో వచ్చిన ప్రమాదం. లిస్ట్ తన ఎత్తెంతో చెప్పాలంటే అన్ని వరసలూ ముందే కొలవాలి. వెయ్యి వరసలుంటే వెయ్యీ. కనిపించేవాటినే కట్టడం అన్న లాభం పోతుంది. మిగిలిన చోటు నింపే ఎక్స్‌పాండెడ్‌లో పెడితే మిగిలిన ఎత్తు ఎంతో లిస్ట్‌కి తెలుస్తుంది, గొడవ ఉండదు. ఆండ్రాయిడ్ లిస్ట్ అయిన రీసైక్లర్‌వ్యూని స్క్రోల్‌వ్యూలో పెట్టి దెబ్బ తిన్న ఆండ్రాయిడ్ వాళ్లు చెప్పకముందే నవ్వారు.

బిల్డ్ ఎప్పుడు నడుస్తుందో మన చేతిలో ఉండదన్నది నమ్మించడానికి ఇంకో లాగ్ కావాల్సి వచ్చింది. ఆండ్రాయిడ్ వాళ్ల మనసులో బిల్డ్ అంటే ఆన్‌క్రియేట్, స్క్రీన్ తెరిచినప్పుడు ఒకసారి. అందుకే సర్వర్‌కి వెళ్లే కాల్‌ని నేరుగా బిల్డ్‌లో ఫ్యూచర్‌బిల్డర్‌కి (జవాబు వచ్చాక చూపించే విడ్జెట్‌కి) ఇచ్చేస్తారు. అదే స్క్రీన్‌లో వెతికే పెట్టె ఒకటి పెట్టి, అక్షరం టైప్ చేసినప్పుడల్లా సెట్‌స్టేట్ అయ్యేలా చేయించాను. "ఫోన్" అన్న మాట కొట్టేసరికి సర్వర్ లాగ్‌లో ఒక్కో అక్షరానికి ఒక్కో రిక్వెస్ట్. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. కాల్‌ని, మొదట్లో ఒక్కసారే నడిచే ఇనిట్‌స్టేట్‌లోకి తీసుకెళ్లి, ఫ్యూచర్‌ని (రాబోయే జవాబుని) దాచుకున్నారు.

యాప్ ఆపకుండానే కోడ్ మార్పు చూపించే హాట్ రీలోడ్ అందరికీ తెగ నచ్చింది. ఆండ్రాయిడ్ యాప్‌ని కట్టే గ్రేడిల్ బిల్డ్ కోసం కాచుక్కూర్చున్న ప్రాణాలు కదా. కానీ అది స్టేట్‌ని అలాగే ఉంచి బిల్డ్ మాత్రమే మళ్లీ నడుపుతుంది. ఇనిట్‌స్టేట్‌లో మార్పు చేసి "ఏమీ మారలేదేంటి" అని కూర్చునేవాళ్లకి స్టేట్‌ని కూడా మొదటినుంచి మొదలుపెట్టే హాట్ రీస్టార్ట్ చూపించాలి. ఇంకొకాయన డీబగ్ బిల్డ్‌లో లిస్ట్ స్క్రోల్ చేసి, కుదుపు చూపించి, "నేను ముందే చెప్పాను" అన్నట్టు చూశారు. డీబగ్‌లో కోడ్ నడుస్తూండగా కంపైల్ అవుతుంది, రిలీజ్‌లో ముందే మెషీన్ కోడ్‌గా మారి ఉంటుంది. అసలు ఫోన్ మీద, రిలీజ్‌లాగే కంపైల్ అయి వేగం కొలవనిచ్చే ప్రొఫైల్ మోడ్‌లో అదే లిస్ట్ ఆయన చేతికే ఇచ్చాను. ఇంకేం మాట్లాడలేదు.

అసింక్ దగ్గర మాత్రం అనుభవం నిజంగా అడ్డొచ్చింది. అసింక్ అని రాస్తే పని వెనక ఇంకో థ్రెడ్ మీద జరుగుతుందని చాలామంది నమ్మకం. పెద్ద జేసన్ ఫైల్ ఒకటి ఇచ్చి అసింక్ ఫంక్షన్‌లో పార్స్ చేయించాను, పక్కన ఒక చక్రం తిరుగుతూ ఉంది. పార్సింగ్ మొదలవగానే చక్రం ఆగిపోయింది. సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కోదానికి దాదాపు 16 మిల్లీసెకన్లే. ఎదురుచూసే పనికి అసింక్ చాలు, ఎడతెగని లెక్కలకి ఐసోలేట్ (సొంత మెమరీతో పక్కన నడిచేది) కావాలి. ఐసోలేట్‌లు ఒకరి మెమరీని ఒకరు ముట్టుకోవు. "మరి సింక్రొనైజ్డ్ ఎక్కడ పెట్టాలి?" అని అడిగారు ఒక మేడమ్. రెండు థ్రెడ్‌లు ఒకేసారి ఒకే డేటాని మార్చకుండా జావాలో తాళం వేసే మాట అది. ఎక్కడా అక్కర్లేదంటే ఆవిడకి నమ్మబుద్ధి కాలేదు. జావాలో లాకులతో పడ్డ పాట్లు అలాంటివి. అయితే ఆవిడ అనుమానం పూర్తిగా వృథా కాదు. జవాబు కోసం అవెయిట్ దగ్గర ఆగి ఉన్నప్పుడు ఇంకో కోడ్ వచ్చి వేరియబుల్ మార్చేయొచ్చు. అది ఆవిడే కనిపెట్టి క్లాసుకి చూపించారు.

పాత అనుభవం నేరుగా పనికొచ్చిన చోటు కీలు (ఏ విడ్జెట్ ఏదో ఫ్రేమ్‌వర్క్ గుర్తుపట్టడానికి ఇచ్చే గుర్తులు). లిస్ట్‌లో ఒక్కో వరసకి ఒక్కో టెక్స్ట్ బాక్స్, మొదటి వరస తీసేస్తే అందులో టైప్ చేసిన మాట రెండో వరసలో ప్రత్యక్షం. ఫ్రెషర్లకి దీన్ని చెప్పేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. వీళ్లు మాత్రం "రీసైక్లర్‌వ్యూలో చెక్‌బాక్స్ టిక్కులు వేరే వరసలకి పారిపోతాయి, అదే కదా?" అన్నారు. కారణం అచ్చంగా ఒకటి కాదు గానీ, ఏ స్టేట్ ఏ వరసదో ఫ్రేమ్‌వర్క్‌కి తెలియాలన్న సంగతి ఒకటే. వాల్యూకీ గురించి నేను చెప్పాల్సింది ఒక్క వాక్యం మిగిలింది.

స్టేట్‌ని ఎక్కడ ఉంచి ఎలా పంచుకోవాలన్న స్టేట్ మేనేజ్‌మెంట్ గురించి మొదటి రోజు నుంచీ వాదన. దానికున్న ప్యాకేజీల్లో ప్రొవైడరా, బ్లాకా, రివర్‌పాడా? లీడ్‌లకి అది ముందే తేలిపోవాలి, ఆర్కిటెక్చర్ డాక్యుమెంట్ రాసుకోవాలి. నేను ఒప్పుకోలేదు. సెట్‌స్టేట్‌తో ఎక్కడ ఊపిరాడట్లేదో చూసేదాకా వేరేది ముట్టుకోవద్దన్నాను. కార్ట్‌లోని సంఖ్యని నాలుగు విడ్జెట్‌ల లోతుకి చేతులు మార్చుకుంటూ పంపాక, కింది విడ్జెట్‌లకి డేటాని నేరుగా అందించే ఇన్హెరిటెడ్ విడ్జెట్ ఎందుకుందో వాళ్లకే తెలిసింది. తర్వాత ప్రొవైడర్ ఎంచుకున్నాం. బ్లాక్ ఎంచుకున్నా కొంప మునిగేది కాదు. నా దృష్టిలో ఆ చర్చకి అక్కర్లేనంత ప్రాముఖ్యం ఇస్తారు.

ఎక్సర్‌సైజ్‌లకి టూడూ యాప్‌లు వాడలేదు. మా యాప్‌లోని స్క్రీన్‌లే పంచుకున్నాం. సీనియర్‌ని జూనియర్‌తో జత కడితే ఆయన చెప్తారు, ఇతను టైప్ చేస్తాడు, ఇద్దరికీ ఒరిగేదేమీ ఉండదు. అందుకే సీనియర్‌కి సీనియర్‌నే జత చేశాను. టైప్ చేయడానికి ఇద్దరూ పోటీ పడ్డారు.

ఆ స్క్రీన్‌ల రివ్యూల్లోనే అసలు క్లాసులు జరిగాయి. బాగా పేరున్న లీడ్ ఒకరు మొదట బేస్‌స్క్రీన్ అని అబ్‌స్ట్రాక్ట్ క్లాస్ (మిగతా క్లాసులు వారసత్వంగా తీసుకునే పునాది) రాశారు. లోడింగ్ చక్రం, ఎర్రర్ డబ్బా, లాగౌట్ చెక్, అన్నీ అందులో. ప్రతి స్క్రీనూ దాన్ని ఎక్స్‌టెండ్ చేయాలి. ఆండ్రాయిడ్‌లో బేస్‌యాక్టివిటీ రాయని టీమ్ ఉండదు, కాబట్టి కోడ్ చాలా శుభ్రంగా ఉంది, పేర్లు బాగున్నాయి, టెస్టులు కూడా ఉన్నాయి. వద్దని చెప్పడానికి నాకే మనసొప్పలేదు. వాదించకుండా ఒక పని ఇచ్చాను: ఒక స్క్రీన్‌లో సగానికి మాత్రమే లోడింగ్ చక్రం రావాలి, మిగతా సగం వాడుకోగలిగేలా ఉండాలి. ఆయన బేస్‌స్క్రీన్‌కి ఒక ఫ్లాగ్ చేర్చారు. ఇంకో స్క్రీన్‌లో చక్రం రెండు చోట్ల కావాలన్నాను. రెండో ఫ్లాగ్ చేర్చబోయి ఆగిపోయారు. కాసేపటికి ఆయనే లోడింగ్ భాగాన్ని వేరే విడ్జెట్‌గా తీసి, దేన్నైనా దాని లోపల పెట్టుకునేలా మార్చారు. ఎర్రర్ డబ్బా కూడా అలాగే విడిపోయింది. వారసత్వంగా ఏమీ మిగలక క్లాసే ఖాళీ అయిపోయింది, డిలీట్ చేశారు. రివ్యూలో ఆయన రాసిన కామెంట్ ఒక్క మాట: "హమ్మయ్య."

అందరూ ఇలా మారారని కాదు. ఒకాయన చివరిదాకా ఫ్లటర్‌తో సమాధానపడలేదు. స్క్రీన్‌లు రాశారు, ఇష్టం లేకుండా రాశారు. తర్వాత బ్లూటూత్ పరికరంతో మాట్లాడాల్సిన పని వచ్చింది. మాకు కావలసినట్టు చేసే ప్యాకేజీ దొరకలేదు. అలాంటప్పుడు ఆండ్రాయిడ్ వైపు కోట్లిన్‌లో, ఐఓఎస్ వైపు స్విఫ్ట్‌లో కోడ్ రాసి మెథడ్ ఛానల్ ద్వారా డార్ట్‌కి కలపాలి. పర్మిషన్లు, బ్యాక్‌గ్రౌండ్ సర్వీసులు, ఫోన్ ఫోన్‌కీ మారే వింత ప్రవర్తనలు, అవన్నీ ఆయనకి కొట్టిన పిండి. ఫ్లటర్‌తోనే మొదలుపెట్టిన కుర్రాళ్లకి ఆ వైపు చీకటి. ఇప్పుడు మెథడ్ ఛానల్స్ క్లాసు ఆయనే తీసుకుంటున్నారు, స్క్రీన్‌లు మాత్రం ఇప్పటికీ వేరేవాళ్లకి నెట్టేస్తారు.

తర్వాతి బ్యాచ్ వెబ్ వైపు నుంచి వస్తోంది. వీళ్లకి సెట్‌స్టేట్ గురించి పోరు ఉండదు, రియాక్ట్ రాసినవాళ్లే. ఎర్ర పెట్టె దగ్గర మాత్రం వెబ్ పేజీల రూపం రాసే సీఎస్ఎస్ అలవాటు గట్టిగానే అడ్డొస్తుందనుకుంటున్నాను, కాబట్టి ఆ చీటీలు ముందుకి జరిపాను. కీల క్లాసులో రీసైక్లర్‌వ్యూ ఉదాహరణ తీసేసి, లిస్ట్‌లో ఇండెక్స్‌నే (వరస నంబర్‌నే) కీగా ఇచ్చిన రియాక్ట్ కోడ్ ఒకటి వాళ్ల ప్రాజెక్ట్ నుంచే అడిగి తెచ్చుకున్నాను.